అతుకు

మూడుసార్లు అంటుకోలేదు.
నాలుగోసారి,
లాలాగూడ మిద్దె మీద, ఇసుక నింపిన పూలకుండీలో
తెల్లటి అరుపు.
చూడకు! అంది జుబేదా. తనే చూసింది.
రెండు రోజులు ఆమె కళ్లలో
పచ్చటి బిళ్ల ఒకటి తేలుతూనే ఉంది.

పాత గేటు గీకి తెచ్చిన తుప్పు అది,
ముప్పై వానాకాలాలు తిన్న ఇనుము.
అల్యూమినియం దాని ఊపిరి లాక్కుని
తాను చిట్టెమై కూర్చుంది.

కుండీ రెండు చెక్కలు.
చల్లారాక గడ్డ పగలగొడితే
బఠాణీ అంత ఇనుము.

వర్క్‌షాపు నుంచి వచ్చిన నాన్న
తిట్టబోయి,
దాన్ని అరచేతిలో దొర్లించి
"పట్టాలు మేం గిట్లనే అతికిస్తం" అన్నాడు.

ఆ రాత్రి మౌలాలి వైపు గూడ్సు పోతుంటే
మిద్దె అదిరింది.
మంచి అతుకు చప్పుడు చెయ్యదట.
దాన్నే వింటూ పడుకున్నాను.