సగం సూర్యుడు

గుణుపురం ఆసుపత్రిలో ఓపీ రెండింటికి మూసేస్తారు.
గోడ మీద అలాగే రాసుంది, ఒడియాలో.
గేటు దగ్గర కూర్చున్నవాళ్లకి ఆ గోడ చదవడం రాదు.
అందుకని నాకూ రాదు.

భువనేశ్వర్ నుంచి ఫారాలొచ్చాయి.
"ఉద్యోగంలో మీరెంత సంతోషంగా ఉన్నారు?
ఒకటి నుంచి ఐదు లోపు టిక్కు పెట్టండి."
పెన్ను మూత తీశాను.

మొన్న రాత్రి జనరేటర్లో డీజిల్ లేదు.
బలియార్‌సింగ్ మేడం కుట్లు వేస్తుంటే
నా సెల్లు లైటు పట్టుకున్నాను.
మధ్యలో మా ఆవిడ ఫోను.
ఆ పాటకి వెలుగంతా కడుపు మీద గంతులేసింది.
నడుము కింద మొద్దుబారిన బాలింతే ముందు నవ్వింది.
"నవ్వకు తల్లీ, కుట్టు వంకర పోతుంది" అంటూ
మేడమే ఆగలేకపోయింది.

దానికెన్ని వెయ్యాలి? నాలుగా?
ఆ నెల జీతం పదిహేడో తారీకున పడింది.
అది తీసెయ్యాలా?

"విధి వేళలు దాటి స్వచ్ఛందంగా చేసిన పని వివరించండి."
రెండు గీతల జాగా ఇచ్చారు.

చెప్పులేసుకున్నాక వచ్చింది సుంబారి,
జీపు దొరక్క పుట్టాసింగి కొండ దిగి, నడిచి.
పోయినసారి వారం మాత్రలు రెండ్రోజుల్లో మింగేసిందట.
తప్పు ఆమెది కాదు.
నేను తెలుగులో చెప్పింది ఆయా ఒడియాలో చెప్పి,
మనవడు సవరలో చెప్పేసరికి
మూడు ఏర్లు దాటిన మాట
తడిసి ముద్దయిపోయింది.

చెప్పులు విడిచాను.
ఫార్మసీలో కవర్లు నిండుకున్నాయి.
ఫారం వెనకవైపు తెల్లగా ఉంది.

నాలుగు ముక్కలు చేసి పొట్లాలు కట్టాను.
పొద్దుటి పొట్లం మీద కొండ వెనక సగం సూర్యుడు.
రాత్రి పొట్లం మీద చంద్రుడు,
కాస్త అరటిపండులా వచ్చాడు.
సుంబారి నా చేతిలో పెన్ను లాక్కుంది.
చంద్రుణ్ణి దిద్దింది.
ఊరుకోలేక పక్కన ఓ నెమలిని వేసింది,
నెమలి పక్కన ఓ పుల్ల మనిషిని.
మెడలో పాములాంటిదేదో వేలాడుతోంది కాబట్టి
అది నేనే అనుకుంటాను.

పొట్లాలు కొంగున ముడేసుకుని
ఆమె గేటు దాటేసరికి నాలుగున్నర.
ఆకలి అప్పుడు గుర్తొచ్చింది,
దానితోపాటు కాస్త కోపం కూడా,
ఎవరి మీదో తెలీదు.

రేపు గుమాస్తా పండా ఫారం అడుగుతాడు.
ఇంకోటి ఇమ్మంటాను.
వెనక తెల్లగా ఉన్నదే.