సముద్ర మట్టానికి

మర్రిగూడ దాటినంక
హఫీజాబీ చాయ్ కొట్టు గోడకు
పోయిన ఏడాది క్యాలెండరు.
తారీఖులు చింపి పొయ్యిల పెట్టింది,
బొమ్మ మాత్రం ఉంచుకున్నది:
పచ్చటి శిఖరాలు, వాటి కాళ్ళ కాడ సముద్రం,
మబ్బును నడుముకు చుట్టుకొని
అంచు మీద నడిచే ఇద్దరు మనుషులు.
కింద సన్నటి అక్షరాల్లో, ఐర్లాండు తీరం.
"అంత పచ్చగున్నది, మేకలేవి బిడ్డా?"
గ్లాసులు కడుక్కుంట అడుగుతది హఫీజాబీ.
నాకేం ఎరుక. నేను సర్వేయర్ని,
నౌకరి వచ్చి నలభై దినాలు.

పొద్దు పొడవకముందే పిట్టలగుట్ట ఎక్కాలె.
ఎన్నడో నాటిన కొలత రాయి
మీద ఉన్నదో లేదో చూసి రాయాలె.
ముందర చైన్‌మన్ ఎల్లమంద.
ఆయన భుజాన ఇప్పుడు గొలుసు లేదు,
డబ్బాల జీపీఎస్ మిషిను ఉన్నది.
పేరు మాత్రం చైన్‌మనే.

ఎల్లమంద కాళ్ళు విల్లు లెక్క వంగినయ్.
చిన్నప్పుడు తాగిన బోరు నీళ్ళు
మోకాళ్ళ దాకా వచ్చి రాయైనయ్.
"ఒక గుట్ట నా లోపట్నే ఉన్నది మేడం,
దాన్ని మోసుకుంట దీన్ని ఎక్కుతున్న"
అని నవ్విండు.
టార్చి వెలుతుర్ల పండ్ల మీది
గోధుమ చారలు కూడ నవ్వినయ్.

దారి అంటే మేకల దారే.
సీతాఫలం పొదలు, ఉడుము జారిన గీత,
గుండు మీద గుండు,
ఎవరో ఇప్పుడే వస్తనని పెట్టి పోయినట్టు.
నేను నాలుగు కాళ్ళ మీద పాకిన.
ఆయన పక్కకు తిరిగి, ఎండ్రికాయ లెక్క,
మెట్టు లేని కాడ మెట్టు చేసుకుంట పోయిండు.
ముప్పై రెండేండ్లల్ల ఎన్ని గుట్టలెక్కినవ్ పెద్దాయనా అంటే
లెక్క చెప్పలే.
పేర్లు చెప్పిండు, చుట్టాల పేర్లు చెప్పినట్టు.
అండ్ల రెండు ఇప్పుడు లేవట,
కంకరై రోడ్ల కింద పండుకున్నయట.

సగంల ఒక దొన.
అరచెయ్యంత లోతు వాన నీళ్ళు.
కాలు వంగదు కద, బోర్ల పండుకొని తాగిండు.
"ఇవి మంచియి. మీదికెల్లి పడ్డయి.
భూమి వీటి చెవుల ఏం చెప్పకముందే తాగాలె."

రాయి ఉన్నది.
పాచి గోకితే అంకె కనబడ్డది.
"ఏం రాసున్నది?"
"సముద్ర మట్టానికి అయిదు వందల పన్నెండు మీటర్లు."
ఎల్లమంద రాయి మీద చెయ్యి పెట్టి
చానసేపు ఊకున్నడు.
"నౌకరి ఎక్కిన కాడ్నించి ఇదే మాట ఇంటున్న.
ఏ సముద్రం మేడం?
నేను సూడలే. ఈ గుట్ట సూడలే.
తాగే నీళ్ళు మా ఊరికి రానీకె
నా కాళ్ళు వంగినంక గాని తీరలే,
కొలవనీకె మాత్రం సముద్రం
అందరికంటె ముందే వచ్చి పోయిందా?"

నా కాడ జవాబు లేదు.
తూర్పు తెల్లబడ్డది.
కింద మంచు. బత్తాయి తోటలు లేవు,
పత్తి చేన్లు లేవు, సెల్ టవరు మెడ దాకా మునిగింది.
దూరంగ ఒక్కో గుట్ట వీపు తేలుతున్నది.
గోడ మీది బొమ్మ యాదికొచ్చి
చెప్దామని నోరు తెరిచిన.
అంతలనే ఆ తెల్లటి లోతుల్లకెల్లి
ఇడ్లీ బండి హారను.
దాని ఎన్క ఎవరిదో బర్రె, గట్టిగ, పాలకు వచ్చినట్టు.

"సముద్రంల బర్రెలుంటయా?" అన్నడు ఎల్లమంద.

పావుగంట కూడ నిలవలే.
మంచు పల్చబడి ఒక్కో మోటరు డబ్బా,
ఒక్కో కరెంటు స్తంభం ఒడ్డుకు వచ్చినయ్.
ఫారంల రాసిన: రాయి ఉన్నది. ఎత్తు, పాతదే.
దిగుడే ఎక్కువ కష్టమట మోకాళ్ళకు.
ఆయన ఆగిన కాడల్ల నేను
ఫోన్‌ల ఏదో చూస్తున్నట్టు ఆగిన.
ఇద్దరికీ తెలుసు.

కొట్టు కాడ ఎండ వచ్చింది.
"మీద మేకలు కనబడ్డయా?" అడిగింది హఫీజాబీ.
చాయ్ ఊదుకుంట ఎల్లమంద
ఆ క్యాలెండరు దిక్కు చూసిండు.
"లేవు. ఒక్కటే బర్రె.
మంచిగ ఈదుతున్నది."