ఒంటి తుమ్ము

మిర్చియార్డు నుంచి ఇంటికొచ్చేసరికి
ఆరూ పది, ఆరుంబావు.
చొక్కా విప్పకముందే పెరటి తలుపు తీసేవాణ్ణి.
నల్లపాడు రోడ్డు లారీల మోత
గోడ అవతలే నిలబడిపోయేది.

బట్టలుతికే బండ వెనక
మురుగునీళ్ళ తూములోంచి
ముందు ఒక ముక్కు,
తర్వాత ఎర్రటి కళ్ళు రెండు,
ఆ తర్వాత ఎంతకీ అయిపోని ఒళ్ళు.
జొన్నచొప్ప రంగు.
తల్లి ముంగిస.
దాని తోక పట్టుకు నడుస్తున్నట్టే పిల్లలు రెండు.

నా ఒంటి మీద రోజంతా ఎగిరిన కారం.
గాలి అటు మళ్ళితే చాలు
తల్లి తుమ్మేది.
చిన్న తుమ్ము, అగ్గిపుల్ల గీసినంత.
పిల్లలు దానివంక చూసి
తర్వాత నావంక చూసేవి,
ఎవరీయన అన్నట్టు.
"స్నానం చేసి రండి, చుట్టాలొచ్చారు"
కిటికీలోంచి హేమలత నవ్వేది.

పక్కింటి జాన్‌బీ
బజ్జీల బండికి పనికిరాని చిట్లిన గుడ్లు
సత్తుగిన్నెలో గోడ మీద పెట్టేది.
తల్లి ఒక్కో గుడ్డూ ముందుకాళ్ళతో పట్టి
కాళ్ళ సందులోంచి వెనక్కి విసిరేది, బండకేసి.
గురి తప్పడం నేను చూళ్ళేదు.

టిక్కీల లెక్క రాసే పుస్తకం చివరి పేజీలో
వాటి పద్దు కూడా రాసుకునేవాణ్ణి.
సోమవారం మూడు. మంగళవారం మూడు.
బుధవారం రెండు, చిన్నది ఆలస్యంగా.

శ్రావణంలో పందికొక్కులొచ్చాయి.
బొప్పాయి మొదలు తవ్వేశాయి,
దండెం మీంచి జారిన చీర
అంచు మొత్తం కొరికేశాయి.
పట్నంబజారులో ఒకతను బిళ్ళలమ్మాడు,
ఆకుపచ్చవి, పిప్పరమెంట్లలా ఉన్నాయి.
"బయటికి పోయి చస్తాయండీ, ఇంట్లో వాసన రాదు."

ఆ సాయంత్రం బొరియ దగ్గర వంగి
బిళ్ళ పెడుతుంటే
వెనక తుమ్మింది.

ఒక్కటే.

పాతికేళ్ళుగా
గుమ్మంలో ఎవరు తుమ్మినా చెప్పులు విడిచి
చెంబెడు నీళ్ళు తాగి
కాసేపు కూర్చుని బయల్దేరినవాణ్ణి.
సేటు తుమ్మితే కాటా ఆపించినవాణ్ణి.
ఆ రోజు ఆగలేదు.
మనిషి తుమ్మే లెక్క అనుకున్నానో,
అసలేమీ అనుకోలేదో.

గురువారం మూడు.
శుక్రవారం పందికొక్కొకటి
పట్టపగలు తూలుతూ పెరడు దాటింది.
శనివారం ఒకటి.
అది తల్లి కాదు.
గిన్నె ముట్టలేదు.
తూములోకి చాలాసేపు చూసి
వచ్చిన దారినే వెళ్ళింది.
ఆదివారం ఎదురుగా ఏమీ రాయలేదు.
సున్నా చుట్టడానికి చెయ్యి రాలేదు.

ఖాళీస్థలంలో, సర్కారుతుమ్మ కింద
పడి ఉందని జాన్‌బీ కొడుకు ఖాజా చెప్పాడు.
"ఒంటి మీద దెబ్బే లేదన్నా, నిద్రపోయినట్టుంది."
కుక్కలై ఉంటాయిరా, అన్నాను.
దెబ్బ లేదని వాడు చెప్పిన తర్వాత కూడా
కుక్కలే, అన్నాను.
జాన్‌బీ ఇంకో పదిరోజులు గుడ్లు పెట్టింది.
కాకులు తిన్నాయి.
ఆపమని ఆమెకు చెప్పాలంటే
ఎందుకో కూడా చెప్పాలి.

మొన్న పెరట్లో తుమ్ము వినపడింది.
ఎంగిలి చేత్తోనే పరిగెత్తాను.

తాపీమేస్త్రీ అంకమ్మరావు.
కూలిన గోడ కట్టమని నేనే పిలిచాను, మర్చిపోయాను.
ముక్కు తుడుచుకుని, తాపీ నిండా మాలు తీసి
"ఈ తూము కూడా మూసేస్తానండీ" అన్నాడు.
వద్దన్నాను.
"పాములొస్తాయండీ."
రానీ, అన్నాను.

నన్నొకసారి ఎగాదిగా చూసి
మాలు మళ్ళీ తట్టలో వేసేసి
బండ మీద కూర్చున్నాడు.
"ఒంటి తుమ్ము కదండీ,
కాసేపాగి మొదలెడతాను."

ఆగు, అన్నాను.
ఎంతసేపైనా ఆగు.