ఖ అనువాడు

రామచంద్రపురం మునసబు కోర్టులో
ముప్పై నాలుగేళ్లు నకళ్లు రాశాను.
తీర్పు ఎవరిదైనా చేతిరాత నాది.
ఒక మధ్యాహ్నం కరెంటు పోయి
వీపు విరిగిన పాత చట్టం పుస్తకంతో విసురుకుంటుంటే
పేజీ ఒకటి ఊడి ఒళ్లో పడింది:

"క అనువాడు ఖ అనువానివద్ద
నూరు బస్తాల ధాన్యము కొనుటకు ఒప్పుకొనెను.
కొలత కాకమునుపే ధాన్యము వరదలో తడిసెను.
నష్టము ఖ అనువానిది."

ఈ కథ మా ఇంట్లో పుస్తకం కంటే ముందు నుంచీ ఉంది.
క అంటే గ్రంధి చలమయ్య, కోరంగి షావుకారు.
ఖ అంటే గుత్తుల తవిటయ్య, మా ముత్తాతకి తాత.

రాసిన దొర పేరు థ్రెల్‌కెల్డ్.
నోరు తిరక్క మనవాళ్లు తిరకాసు దొర అన్నారు.
ఇరవై ఆరేళ్లకి రాజమండ్రిలో దిగాడట.
మొదటి వానాకాలం జ్వరంతో గడిపాడు,
రెండోది కుంచాలతో.
ఊరికో కుంచం, షావుకారుకి రెండు,
కొనేటప్పుడొకటి, అమ్మేటప్పుడొకటి.
ఆ సంగతి తెలిసిన రాత్రి అన్నం ముట్టలేదంటారు.
ముట్టాడనీ అంటారు. చెప్పింది మా మేనత్త,
ఆవిడ మాట మరీ అంత నమ్మకండి.

ధవళేశ్వరం నుంచి కాకినాడ దాకా
కాలవ పడవలోనే ఆయన కచేరీ.
లాకు దగ్గర పడవ ఆగినప్పుడల్లా
కాగితం తీసి ఒక మాట కొట్టేసేవాడు.
పై నీరూ కింది నీరూ ఒక మట్టానికి వచ్చేలోగా
వాక్యమూ మట్టానికి రావాలి.

తవిటయ్య గొడవ అలాంటి లాకు గట్టు మీదే విన్నాడు.
బేరం అయిందా?
అయిందండి.
బయానా?
తమలపాకులో పెట్టి ఒక రూపాయండి.
కొలిచారా?
ఆయ్, తెల్లారి కొలుద్దామన్నారండి.
తెల్లారేసరికి గోదారి వచ్చేసిందండి.

దొర చాలాసేపు మాట్లాడలేదు.
కొలవనిది కొన్నది కాదు, అన్నాడు చివరికి.
దాన్ని తెలుగులో చెప్పడానికి దుబాసీకి మూడు వాక్యాలు పట్టింది,
దిగమింగడానికి తవిటయ్యకి మూడు పంటలు.

సాయంత్రం దొర ఒక్కడే రాశి దగ్గరికి వచ్చాడట.
పుల్లటి వాసన. గింజలు ముక్కు పగిలి
తెల్లగా మొలకలు.
గుప్పెడు తీసి కోటు జేబులో పోసుకున్నాడు.
ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

తర్వాత కలకత్తా, ఆ తర్వాత సీమ.
హుండీలూ ప్రోనోట్లూ పడవ కేవులూ
ఆయన కలం కింద నంబర్లయ్యాయి.
సర్ బిరుదొచ్చింది. నెత్తిన తెల్లజుట్టు టోపీ.
ఎన్ని మాటలు రాశాడో కాదు,
ఎన్ని తీసేశాడో అదీ గొప్ప అన్నారట అక్కడ.
తీసేసినవాటిలో తవిటయ్య ఉన్నాడు, గోదారి ఉంది,
తమలపాకు ఉంది.
రూపాయి ఏమైందో నాకిప్పటికీ తెలీదు.

ఆయన మీద కోపం లేదు.
ముప్పై నాలుగేళ్లు రాసినవాణ్ణి,
ఆ వాక్యంలో ఒక్క అక్షరం కదపలేను.
తుడిచి బోర్లించిన కుంచంలా ఉంటుంది.

మొన్న దాళవా కోతలప్పుడు
మా తమ్ముడి కొడుకు లోవరాజు
నూట పన్నెండు బస్తాలు తారురోడ్డు మీద ఆరబోశాడు.
తేమ మిషను ఇరవై రెండంది.
పదిహేడుకి వచ్చేసరికి గోనెలు లేవు.
గోనెలొచ్చాక లారీ లేదు.
టోకెను మాత్రం జేబులో ఉంది.
రాత్రి వాన.

తెల్లారి బరకం ఎత్తితే అదే పుల్లటి వాసన.
ఆఫీసరు కుర్రాడు, మంచివాడే, తల దించుకుని
కాటా పడలేదు కదండీ, అన్నాడు.

లోవరాజు నా వైపు తిరిగాడు.
కోర్టులో చేశావు కదా పెదనాన్నా,
ఏదో సెక్షనుంటుంది, చెప్పు.

ఉంది.
నంబరుతో సహా నోట్లో పెట్టుకుని
నిలబడ్డాను,
మొలకొచ్చిన గింజొకటి
గోటితో గిల్లుతూ.