సుద్దముక్కతో కొండ

ఆటోనగర్‌లో షట్టరు సగం దించాక
పదహారు గేజి రేకు మీద
సుద్దముక్కతో కొండ గీశాడు మస్తాన్‌వలి.

"ఎత్తెంత?" అన్నాడు ఏసుపాదం.
చెప్పాను. నవ్వాడు.
"ఇంతోటి గుట్టకా
మూడు నెలల్నించి చీటీపాట పాడినట్టు పాడుకుంటున్నాం?"

ఎత్తుతో కాదు పేచీ.
కొండపల్లి వెనకాల అడవిది పొట్టి ఒళ్ళు, పొడుగు పొగరు.
ఒక గుట్ట ఎక్కితే ఇంకో గుట్ట వీపు చూపిస్తుంది,
దిగబోతే ముళ్ళకంప చొక్కా పట్టుకుని
పాత బాకీ అడుగుతుంది.
సిగ్నలుండదు.
నీడున్న చోట నీళ్ళుండవు,
నీళ్ళుండాల్సిన చోట
మాఘం దాటాక బురదైనా ఉండదు.

లెక్క కట్టాం.
ముగ్గురం, రెండు పగళ్ళు, మధ్యలో ఒక రాత్రి.
మనిషికి రోజుకి ఐదు చొప్పున ముప్ఫై లీటర్లు.
పక్కనున్న పాతినుము కొట్లో క్యాన్లు కాటాకెత్తితే
"కిలో ఎంతకిస్తారు?" అన్నాడు కొట్టు కుర్రాడు.

అలవాటు కోసం
సంచుల నిండా అరిగిన బేరింగులు పోసుకుని
మొగల్రాజపురం కొండమీది ఇళ్ళ మెట్లు ఎక్కాం, రోజూ చీకటితోనే.
నాలుగోనాడు ఒకావిడ దారిచ్చి నిలబడింది.
"ఏం అమ్ముతున్నారు నాయనా?"
నెత్తిన బిందె, చంకన పిల్ల,
ఊపిరి మామూలుగానే ఉంది ఆవిడకి.
జవాబు చెప్పడానికి
మా ముగ్గురి దగ్గరా కలిపి ఒక్క గుక్క గాలి లేదు.

ఫారెస్టు ఆఫీసు కాయితంలో
ఎందుకు వెళుతున్నారని ఒక గడి.
వెంట్రుకవాసి తేడా రానివ్వని నా లేత్ చెయ్యి
అక్కడ ఆగిపోయింది.
"పని మీద అని రాయి" అన్నాడు ఏసుపాదం.
"ఏం పని?"
టీ వచ్చింది. తాగాం.

రంపానికి పళ్ళు తీయించుకోడానికి
కోటిలింగం వచ్చింది ఆ సాయంత్రమే.
బొమ్మలవాళ్ళకి పొనికి కర్ర మోసి మోసి
ఎడం భుజం కాస్త కిందికి దిగిన ముసలాయన.
రేకు చుట్టూ ఒకసారి తిరిగాడు.
బొటనవేలు నాలిక్కి తడి చేసుకుని
రెండో లోయ మీది తిన్నని గీత తుడిచేశాడు.
"ఇది దారి కాదయ్యా, మీ తొందర.
మిట్టమధ్యాహ్నం తేనెటీగలు ఎటు దిగుతాయో చూసుకోండి,
తడి అటుంటుంది.
చూడకపోతే మోకాళ్ళ మాట విని తిరిగొచ్చేయండి."
ఇరవై రూపాయలిచ్చి
ఇబ్రహీంపట్నం బస్సుకి పరిగెత్తాడు.

సోమవారం వచ్చేసరికి రేకు లేదు.
చిలకలూరిపేట లారీకి మడ్‌గార్డుగా వంచేశాడు మేస్త్రి.
మా మొదటి లోయా, మూడో గుట్టా, రాత్రి పడకా
ఎర్ర ప్రైమరు పూసుకుని
వారధి దాటి వెళ్ళిపోయాయి.

ఇంకో రేకు లాగి, గుర్తున్నంత గీశాం.
వాగుని మస్తాన్‌వలి ఎడమకి తిప్పాడు,
ఏసుపాదం కుడికి.
అరుచుకున్నాం. రెండు వాగులూ ఉంచేశాం.
ముసలాయన తుడిచిన చోట మాత్రం
ఎవరి సుద్దా ఆనలేదు.

ఆదివారం నాలుగున్నరకి బస్సు.
క్యాన్లు ఇంకా కడగలేదు.