మారుపేర్ల పట్టిక

క్లైపెడా రేవులో
కంటెయినర్లు బాగుచేసే కంపెనీ మాది.
మెయిల్ సర్వర్ క్యాంటీన్ వెనక గదిలో.
'గింతరాస్' అని పేరు పెట్టారు, అంబరు రాయి అని.
పేరు కస్తూరి,
గది నిండా పొగబెట్టిన చేపల కంపు.

రెండువందల పధ్నాలుగు చిరునామాలు నా చేతిలో.
పేరు, చుక్క, ఇంటిపేరు.
చుక్కకి అటూ ఇటూ సర్దుకుని కూర్చుంటాడు మనిషి.

మా ఆడవాళ్ళ ఇంటిపేరుకి
గుట్టంతా తోకలోనే.
'తె' అని ముగిస్తే ఒకరి కూతురు,
'యెనె' అంటే ఒకరి భార్య.
అందుకే చర్చి గంట మరిచిపోయినా
పెళ్ళిళ్ళ లెక్క నాకు తప్పదు.

బిల్లుల సెక్షన్ ఔష్రా
'జ్వీర్బ్లీతె'గా చేరింది,
పిచ్చుక గారి అమ్మాయి అన్నమాట.
మూడో ఏడు 'స్టొంకియెనె' అయింది.
పాతది కొట్టెయ్యనా అంటే
"ఉండనీ, నార్వే వాళ్ళు దానికే రాస్తారు" అంది.
పాత పేరుకొచ్చింది కొత్త పెట్టెలో పడేట్టు
ఒక్క వరుస రాశాను.

(క్రేన్ రిమాంటస్ పోయాక
అతని పెట్టెకి రోజూ ఉదయం అయిదింటికి
గాలి హెచ్చరిక వస్తూనే ఉంది.
తొంభై రోజుల తర్వాత తీసెయ్యాలని రూలు.
ఇవాళ నూటపన్నెండు.)

తొమ్మిదేళ్ళకి ఔష్రా మళ్ళీ వచ్చింది,
కోటు విప్పకుండా, గుమ్మంలోనే.
"తోక కోసెయ్యి."
మళ్ళీ నాన్న పేరా?
"కాదు. 'జ్వీర్బ్లె' చాలు."
కూతురని కాదు, భార్యని కాదు,
ఒట్టి పిచ్చుక.
చట్టం ఒప్పుకుంటుంది. నేనెవర్ని కాదనడానికి?

మూడు పేర్లు, ఒక పెట్టె.
మధ్య పేరుకి ప్రతి డిసెంబరులో
ఒకే చోటినుంచి ఒక ఉత్తరం.
నేను చదవను. లాగ్‌లో కనిపించేది
పంపినవారు, వేళ, బరువు.
నాలుగు కిలోబైట్లు, అర్ధరాత్రి దాటాక.

ఈ అక్టోబరులో
"మధ్యది తీసెయ్యి" అని రాసింది,
దయచేసి అని కూడా లేదు.
తీసేశాను.

నిన్న రాత్రి ఒకటీ నలభైకి వచ్చింది ఉత్తరం.
గింతరాస్ అయిదువందల యాభై అంది,
అంటే, ఆ పేరుగల వారు ఇక్కడ లేరు అని.
యంత్రానికి అబద్ధం రాదు.
అయినా ఆ వరుస
నేను రెండుసార్లు చదివాను.

పొద్దున ఔష్రా ఫోన్ చేసింది.
ప్రింటర్ కాగితం మింగేస్తోందట.