పదకొండో గడి

బార్న్స్లీలో గురువారం రాత్రి పదకొండున్నర.
గ్రాంటు దరఖాస్తుకి గడువు అర్ధరాత్రి దాకానే.
తెర మీద ఒక తెల్లటి గడి,
దాని అడుగున బూడిదరంగు అక్షరాలు:
రెండు వందల మాటలు మించరాదు.

నాకు సంగీతం రాదు.
ఈ పిల్లల ఇత్తడి బ్యాండులో మా వాణ్ణి చేర్చాను,
వాడు నాలుగో వారానికే మానేశాడు,
నేను ఉండిపోయాను.
లెక్కలు తెలిసిన మనిషివి కదా అని
కోశాధికారిని చేశారు.
అప్పట్నుంచీ ఊపిరికి పద్దులు రాస్తున్నాను.

పిల్లలు ఇరవై ముగ్గురు. కార్నెట్లు తొమ్మిది.
టెనార్ హార్న్ ఒకటి, మెడ దగ్గర సొట్టతో.
గని సమ్మె జరిగిన ఏడు చర్చి మెట్ల మీంచి పడిందట.
బాగుచేయిస్తే దాని గొంతు మారిపోతుందని
ఓల్డ్‌రాయిడ్ గారు ఒప్పుకోరు.
మరమ్మతుల పద్దులో సున్నా అందుకే.

ఆయన పంతొమ్మిదేళ్లు బొగ్గు తవ్వారు.
ఊపిరితిత్తుల్లో ఇంకా కొంత గని మిగిలే ఉంది.
హాలు మెట్లు ఆగి ఆగి ఎక్కుతారు,
ఎక్కి, పిల్లలకి నేర్పేది ఊపిరే:
"పొట్టలోంచి తల్లీ, గొంతులోంచి కాదు."
జీతాల గడిలో తన పేరు
ఆయనే కొట్టేశారు.

కోరిన మొత్తం ఎనిమిది వేల నాలుగు వందల పౌండ్లు.
రౌండబౌట్ చుట్టూ పూలమొక్కలకి
కౌన్సిల్ అంతకంటే ఎక్కువే పెట్టింది.
పూల మీద నాకేం కోపం లేదు.

ఫలితాన్ని ఎలా కొలుస్తారని ఏడో గడి అడిగింది.
హాజరు శాతం రాశాను.
హోదన్ తన ఫ్లాట్ల బట్టలుతికే గదిలో సాధన చేస్తుందనీ,
మొదట్లో గొడవపడిన పై అంతస్తు ముసలమ్మే
ఇప్పుడు ఒక్కపూట వినబడకపోతే దిగొచ్చి
ఒంట్లో బాగాలేదా అని అడుగుతుందనీ
రాయలేదు. దానికి శాతం లేదు.

హాలుకి తాళం ఉంది. పిల్లలకి తాళం వచ్చు.
రెంటికీ ఒకే మాట ఉన్న భాష నాది,
దరఖాస్తు భాషకి ఆ సౌకర్యం లేదు.
వచ్చే ఏడు హాలు అమ్మేస్తారంటున్నారు.
వాళ్లకి వచ్చిన పాట ఒక్కటే,
వేలంపాట.

ఇక ఇది, పదకొండో గడి:
నిధులు అయిపోయాక ఏం మిగులుతుంది?

పోయిన నవంబరులో డెక్లన్ వచ్చాడు.
పదిహేడేళ్లు. గోదాములో రాత్రి షిఫ్టు దొరికిందట,
ఇక రాలేడు.
కార్నెట్ తిరిగిచ్చాడు, స్నానం తువ్వాల్లో చుట్టి.
మీటలకి నూనె వేసి ఉంది. లోపలి తడి తుడిచి ఉంది.
ఇత్తడిలో నా మొహం వెడల్పుగా కనబడింది.
రసీదు రాసిచ్చాను.
ఒక్కసారి వాయించనా అని వాడు అడగలేదు,
వాయించమని నాకూ తోచలేదు.
గుమ్మం దాకా వెళ్లి,
ఖాళీ చేతుల్ని ఏం చేయాలో తెలియక
జేబుల్లో పెట్టుకున్నాడు.
కుడి జేబులో మూడు వేళ్లు
కోటు గుడ్డ లోపల
కదులుతూనే ఉన్నాయి.

పదకొండూ యాభై రెండు.
"వాయిద్యాలు మంచి స్థితిలో తిరిగి వస్తాయి"
అని రాశాను.
ఇంకా నూట తొంభైకి పైగా మాటలు
మిగిలాయంటోంది తెర.